బ్లాక్ చేయడమా, 1909కి చెప్పడమా?

కడప ఎండలో మధ్యాహ్నం కాస్త కునుకు పట్టగానే ఫోను మోగుతుంది: స్థలం కావాలా, అప్పు కావాలా అని. మా ఇంట్లో దీనికి రెండు మందులు వాడి చూశాం.

నాన్నగారిది వచ్చిన నంబరును వచ్చినట్టే బ్లాక్ చేసే పద్ధతి. క్షణంలో పని అయిపోతుంది. మర్నాడు మరో నంబరు నుంచి అదే పాట.

నాది 1909, అంటే ప్రచార కాల్స్ వద్దని చెప్పుకోవడానికి ఫోను కంపెనీలు నడిపే నంబరు. ‘స్టార్ట్ 0’ అని ఇంగ్లిషులో ఆ నంబరుకు ఎస్సెమ్మెస్ పంపితే ప్రచార కాల్స్ ఏవీ వద్దని నమోదవుతుంది. బ్యాంకు ఓటీపీలు ఆగవు, భయం అక్కర్లేదు. 140తో మొదలయ్యే ప్రచార నంబర్ల బెడద చాలావరకు తగ్గింది. మామూలు పది అంకెల మొబైల్ నుంచి చేసేవారు మాత్రం ఈ నమోదును లెక్కచేయరు. వారిపై 7 రోజుల్లోగా మళ్లీ 1909కే ఫిర్యాదు చేయాలి. నాన్నగారికి అంత ఓపిక లేదు. నాకుంది, అందుకే నా ఓటు దీనికే.