వెన్నులో సూదా, పూర్తి మత్తా?

మా అమ్మమ్మ అమలాపురంలో కొబ్బరిమట్ట లాగబోయి, జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్‌కి కాకినాడ తీసుకెళ్తే మత్తు డాక్టరుగారి మొదటి ప్రశ్న, "రక్తం పల్చబడే బిళ్ళలేమైనా వాడుతున్నారా మామ్మగారూ?"

ఆ ప్రశ్న ఊరికే కాదు. క్లోపిడోగ్రెల్ లాంటిది వాడుతుంటే మత్తు కోసం వెన్నులో సూది గుచ్చిన చోట రక్తం ఆగకుండా కారి, గడ్డలా పేరుకుని నరాల్ని నొక్కే ప్రమాదం ఉంది, అందుకని మామూలుగా 5 నుంచి 7 రోజులు ఆపాలి, అంత ఆగే వీల్లేకపోతే పూర్తి మత్తే దిక్కు.

వెన్నుసూదిలో కాళ్ళు వెచ్చబడి, బరువెక్కి, రెండు మూడు గంటలు మొద్దుబారతాయి. ఆపరేషన్ అయిన వెంటనే నొప్పి తెలీదు, బీపీ కాస్త దిగుతుంది కాబట్టి రక్తం కూడా కొంచెం తక్కువే పోవచ్చు. అయితే ఆ బీపీ మరీ దిగితేనే తంటా, గుండె జబ్బున్న వాళ్ళకి మరీను. కొందరికి తర్వాత తలనొప్పి.

పూర్తి మత్తులో ఏమీ తెలీదు, కానీ గొంతులో గొట్టం వల్ల రెండ్రోజులు గరగర, మెలకువ రాగానే నొప్పి ఒక్కసారిగా మీద పడుతుంది, అందుకే లేపేముందే నొప్పి మందు ఎక్కిస్తారు.

రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రం రెండింటిలోనూ వాడొచ్చు. 1962లో జపాన్‌లో ఉతాకో ఒకామోతో దంపతులు వెలుగులోకి తెచ్చిన మందిది.

నా ఓటు వెన్నుసూదికే. అమ్మమ్మకీ అదే ఇచ్చారు. మధ్యలో సుత్తి చప్పుడు విని, "పక్కన ఇల్లేమైనా కడుతున్నారా నాయనా?" అని అడిగిందట.