ఐస్‌లాండ్‌లో క్యాంపర్ వ్యాన్: ఆ రాత్రి హీటర్ సంగతి

జూన్‌లో మొదటిసారి ఐస్‌లాండ్ వెళ్లొచ్చాక ఈ క్యాంపర్ వ్యాన్‌ని, అంటే లోపలే వండుకుని పడుకునే బండిని, తెగ పొగిడాను. డబ్లిన్‌లో మా స్నేహితులు నా మాట నమ్మి బుక్ చేసుకున్నారు కూడా. ఈసారి సెప్టెంబర్ చివర్లో అదే కంపెనీ దగ్గర అదే మోడల్ చిన్న డీజిల్ క్యాంపర్ తీసుకున్నాం, నేనూ మా ఆవిడా. మంచం, స్టవ్వు, బుల్లి ఫ్రిజ్ గురించి అందరూ రాస్తున్నదే. నేను చెప్పేది రాత్రి హీటర్ గురించి.

ఇంజన్ ఆపేసినా నడవడం దీని గొప్ప. గుండ్రటి నాబ్ కాస్త తిప్పితే కింద పంపు టిక్ టిక్‌మంటుంది, పది నిమిషాల్లో లోపల స్వెటర్ విప్పేయొచ్చు. దక్షిణాన స్కాఫ్తాఫెల్ క్యాంప్‌సైట్‌లో రాత్రంతా బయట గాలి హోరు, లోపల వెచ్చగా పులిహోర తింటూ మేము. ఆ సుఖానికి ఎంత అద్దెయినా ఇవ్వచ్చనిపించింది.

ఉత్తరాన మీవత్న్ సరస్సు దగ్గరికొచ్చాక తీరిగ్గా ఉందామనుకున్నాం. అసలు ఈ ట్రిప్ పెట్టుకున్నదే అందుకు. పగలు దిమ్ముబోర్గిర్ లావా గుట్టల్లో నడక, మర్నాడు హ్వెర్‌ఫ్యాల్ అగ్నిపర్వత బిలం అంచు మీద నడక. బండి పెద్దగా కదలనే లేదు. రెండో రాత్రి ఏ రెండింటికో మెలకువొచ్చింది. టిక్ టిక్ లేదు. ముక్కు చల్లబడిపోయింది. నాబ్ తిప్పితే ఫ్యాను ఓ నిమిషం గురగురలాడి ఆగింది, ఎర్ర లైటు మిణుకుమంది. డీజిల్ చూస్తే సగం ట్యాంకు పైనే ఉంది.

హీటర్‌లో మండేది డీజిలే. కానీ ఫ్యానుకీ, పంపుకీ, మొదట్లో మంట అంటించే ప్లగ్గుకీ కరెంటు కావాలి. అది సీటు కింద రెండో బ్యాటరీ నుంచి వస్తుంది. ఫ్రిజ్జూ లైట్లూ మా ఫోన్లూ దాని మీదే. ఆ బ్యాటరీ ఛార్జ్ అయ్యేది ఇంజన్ నడిస్తేనే! బండి ఇచ్చేటప్పుడు కౌంటర్ అబ్బాయి దిండు గలీబుల లెక్క కూడా చెప్పాడు గానీ ఈ ముక్క చెప్పలేదు. నాకు మంట అక్కడే.

క్యాంప్‌సైట్‌లో చుట్టూ జనం నిద్రపోతుంటే ఇంజన్ ఆన్ చేసి కూర్చోలేం కదా. పోనీ వేరేచోట ఆపుకుని పడుకుందామంటే, స్థలం వాళ్ల అనుమతి లేకుండా క్యాంప్‌సైట్ బయట బండిలో రాత్రి గడపడం అక్కడ చట్టం ఒప్పుకోదు. చివరికి సరస్సు చుట్టూ తిరిగాం. ఒక చుట్టు నలభై కిలోమీటర్ల లోపే. ఓ చుట్టు వేసి, చాలదేమోనని మళ్లీ తిరిగాం. ధ్రువకాంతులు చూసి ఉంటామనుకునేరు, ఆకాశమంతా మబ్బే. రోడ్డు పక్కన గొర్రెలు మాత్రం మమ్మల్ని వింతగా చూశాయి. తెల్లారగట్ల తిరిగొచ్చి నాబ్ తిప్పితే అంటుకుంది.

జూన్‌లో ఈ ఇబ్బంది ఎందుకు తెలియలేదంటే, అప్పుడు దేశం చుట్టూ తిరిగే రింగ్ రోడ్డు పూర్తి చేయాలని రోజూ గంటలు గంటలు నడిపాం. అసలు చీకటే పడని ఆ రాత్రుల్లో హీటర్ అవసరం కూడా తక్కువే. హోటల్ ఖర్చు మిగులుతుందని అప్పుడన్నాను. మిగులుతుంది, కానీ క్యాంప్‌సైట్‌లో మనిషికింతని కట్టాలి, కొన్నిచోట్ల షవర్‌కి వేరే.

కొంచెం పెద్ద బండ్లకు క్యాంప్‌సైట్ కరెంటు పెట్టుకునే ప్లగ్గు ఉంటుంది. దీనికి లేదు. ఒకేచోట రెండు మూడు రోజులు ఉండాలనుకునేవాళ్లు, ముఖ్యంగా చలిలో, బుక్ చేసేముందు అది ఉందో లేదో అడగండి. రెండో బ్యాటరీ ఎంత పాతదో కూడా అడగండి. మా బండిదే ముసలిదేమో, కొత్తదైతే ఇంకో రాత్రి లాగేదేమో.

ఇద్దరమే, పిల్లల్లేరు, చలికి ఓర్చుకుంటాం కాబట్టి మాకు సరిపోయింది. వచ్చే ఏడాది అత్తయ్యా మామయ్యా వస్తామంటున్నారు. వాళ్లకి మాత్రం ఉత్తరాన అకురేరి ఊళ్లో గది తీసుకుని కారు అద్దెకు మాట్లాడదామని మా ఆవిడ ఇప్పటినుంచే పట్టుపడుతోంది.