కిసాన్ క్రెడిట్ కార్డు: వడ్డీ భేష్, గడువే గండం

పొలం మీ పేరు మీద ఉండి, పట్టాదారు పాస్‌బుక్ చేతిలో ఉంటే బ్యాంకు పంట రుణం ఇచ్చే కిసాన్ క్రెడిట్ కార్డు తీసుకోండి, ఇంకేం ఆలోచించొద్దు. కౌలుకు చేస్తుంటే మాత్రం దీని మీద ఆశ పెట్టుకునే ముందు కింద రాసింది ఒకసారి చదవండి. నాకు సొంతం మూడెకరాలు, కౌలుకు రెండెకరాలు. అంతా వరే. అంటే ఈ కార్డు రెండు ముఖాలూ నాకు తెలుసు.

ముందు వడ్డీ సంగతి. మా దగ్గర బయట అప్పు నూటికి రెండు రూపాయలు. బాగా తెలిసినవాళ్లయితే రూపాయిన్నరకు ఇస్తారు, అదీ ప్రామిసరీ నోటు రాసిస్తేనే. కార్డు మీద 3 లక్షల లోపు పంట రుణానికి ఏడాదికి 7 శాతం. గడువు లోపల కట్టేస్తే 3 శాతం రాయితీ వస్తుంది, మిగిలేది 4 శాతం. మన లెక్కలో చెప్పాలంటే నెలకు నూటికి ముప్పైమూడు పైసలు. లక్ష రూపాయలు ఏడాది వాడుకుంటే కార్డుకు 4,000, బయట 24,000. ఆ తేడాతో రెండెకరాల నాట్లు, కోత మిషన్ కిరాయి వెళ్లిపోతాయి. ఇంత తక్కువ వడ్డీకి రైతుకు ఇంకెవరూ అప్పు ఇవ్వరు. బంగారం కుదవపెట్టినా రాదు.

1998లో మొదలైన పథకం ఇది. ఎంత ఇస్తారన్నది బ్యాంకు మేనేజర్ ఇష్టం కాదని చాలామందికి తెలియదు. ప్రతి పంటకూ ఎకరాకు ఇంత అని జిల్లా స్థాయి కమిటీ ఏటా ఖరారు చేస్తుంది. దాన్ని మీ ఎకరాలతో హెచ్చవేసి, పైన ఇంటి ఖర్చులకు, కోత తర్వాత ఖర్చులకు 10 శాతం, పనిముట్ల మరమ్మతులకు 20 శాతం కలుపుతారు. వరికి ఎకరాకు 40,000 ఖరారైందనుకోండి. మూడెకరాలకు 1,20,000. పైన 12,000, ఇంకో 24,000 కలిస్తే 1,56,000. బీమా ప్రీమియం దీనికి అదనం. కార్డు ఐదేళ్లు నడుస్తుంది, ఏటా 10 శాతం లిమిట్ పెరగాలి. పెరగాలి అని రాశాను గమనించండి. అడిగినవాళ్లకే పెరుగుతుంది.

2025 జనవరి నుంచి 2 లక్షల దాకా తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. అంతకు ముందు అది 1,60,000 ఉండేది. కాగితాల విషయానికొస్తే పాస్‌బుక్, 1బి (పొలం ఎవరిదో చూపే నకలు), అడంగల్ (ఏ పొలంలో ఏ పంట ఉందో చూపే నకలు), ఆధార్, చుట్టుపక్కల బ్యాంకుల్లో బాకీ లేదన్న సర్టిఫికెట్లు. ఈ చివరి దానికే ఎక్కువ తిప్పుతారు. కార్డు చేతికొచ్చాక ఏటీఎంలో గీకొచ్చు గానీ మా ఊళ్లో అందరి కార్డులూ బీరువాలోనే ఉంటాయి, డబ్బు మాత్రం ఫారం రాసి కౌంటర్లోనే తీసుకుంటాం.

ఇక గడువు. అసలు తలనొప్పి ఇక్కడే. తీసుకున్న రోజు నుంచి ఏడాది, లేదా బ్యాంకు పెట్టిన తేదీ, ఏది ముందొస్తే దాని లోపల కట్టాలి. వినడానికి బాగానే ఉంటుంది. జూన్లో తీసుకుంటాం, డిసెంబరులో కోస్తాం, ఏడాది తిరిగేలోపు కట్టలేమా అనిపిస్తుంది. కానీ వరి డబ్బు చేతికి రాగానే ముందు వరసలో ఎవరుంటారు? కౌలు ఇవ్వాల్సిన ఆసామి, పురుగుమందుల కొట్టు, ట్రాక్టరు వాడు, పిల్లల ఫీజులు. బ్యాంకు ఇంటి గడప తొక్కదు కాబట్టి దాని వంతు ఆఖర్న వస్తుంది. పైగా ఆ డబ్బు కూడా ఎంతని? 2025-26లో సాధారణ రకం వరికి మద్దతు ధర క్వింటాలుకు 2,369. మనం మాట్లాడుకునే 75 కిలోల బస్తాకు సుమారు 1,777. తేమ 17 శాతం దాటితే ఆ ధర దక్కదు. కోత మిషన్ కోసిన పచ్చి గింజను ఆరబెట్టడానికి కళ్లం లేక, మబ్బు చూసి భయపడి, పొలం దగ్గరే తక్కువకు ఇచ్చేసేవాళ్లే ఎక్కువ.

అప్పుడేం జరుగుతుందో చెప్తాను. మా బ్రాంచిలో వడ్డీ ఒక్కటే కడితే ఒప్పుకోరు, అసలుతో సహా ఖాతా సున్నా చేయాలి. చేస్తే మర్నాడో, అదే రోజో మళ్లీ ఇస్తారు. కాబట్టి గడువు రోజుల్లో బ్యాంకు ముందు వేపచెట్టు కింద ఒకాయన సంచీతో కూర్చుంటాడు. ఒక్క రోజుకు డబ్బు సర్దుతాడు, లక్షకు వెయ్యి. మీతో పాటు లోపలికి వస్తాడు, మీరు కట్టే చలానా ఫొటో తీసుకుంటాడు, మళ్లీ డబ్బు ఖాతాలో పడేదాకా బెంచీ మీద నుంచి లేవడు.

"సాయంత్రానికి వచ్చేస్తాయిగా బావా?" అంటాడు.

"ఎక్కడికి పోతాయి, పక్కనే కూర్చున్నావుగా" అంటాం.

ఒకసారి సర్వర్ పనిచేయక డబ్బు పడటం రెండు రోజులు ఆగింది. ఆ రెండు రోజులూ ఆయన నా వెంటే, టిఫిను కూడా నా ఖాతాలోనే. ఆ టెన్షన్ తలచుకుంటే 4 శాతం వడ్డీ సంతోషం సగం పోతుంది. అయినా లెక్క వేసి చూడండి. లక్షకు 4,000 వడ్డీ, ఆయనకు రెండు రోజులకు 2,000, మొత్తం 6,000. గడువు దాటితే 3 శాతం రాయితీ పోతుంది, ఆ పైన మామూలు వడ్డీ మొదలవుతుంది, వచ్చే ఏడు లిమిట్ దగ్గర పేచీ. అందుకే అందరం ఆ చెట్టు కిందకే వెళ్తాం. ఇది రైతు తప్పు అనను, పథకం రాసినవాళ్లకు పంట డబ్బు ఒక్కసారే వచ్చి వారంలో అయిపోతుందని తెలియకపోవడం తప్పు.

దీనికి మందు పథకంలోనే ఒకటుంది. గుర్తింపు ఉన్న గోదాములో ధాన్యం పెట్టి ఆ రసీదు మీద రుణం తీసుకుంటే, కార్డు ఉన్న చిన్న, సన్నకారు రైతులకు ఆరు నెలల దాకా అదే 7 శాతం వడ్డీ. ధర లేనప్పుడు అమ్ముకోనక్కర్లేదు. కానీ డెబ్బై ఎనభై బస్తాలు లారీకెత్తి, ఆరబెట్టి, గోదాముకు మోసుకెళ్లే ఖర్చు ఎవరిస్తారు? మిర్చి, పసుపు వేసేవాళ్లకు పనికొస్తుందేమో. నా బోటి వరి రైతుకు కాగితం మీద మంచి మాట.

కౌలు పొలం సంగతికొస్తే నిబంధనల్లో కౌలు రైతులూ అర్హులే, నోటి మాట కౌలు చేసేవాళ్లు కూడా. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందంతో సాగు హక్కు పత్రం ఇస్తారు. అయితే దాని మీద ఆసామి సంతకం కావాలి. మా ఆసామిని అడిగితే "ఎందుకొచ్చిన గొడవరా అబ్బాయ్, వచ్చే ఏడు ఇంకెవరికైనా ఇస్తాలే" అన్నాడు. సంతకం పెట్టే ఆసామి దొరికినా, అదే సర్వే నంబరు మీద ఆయన ముందే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు రెండోసారి ఇవ్వదు. అలా నా మూడెకరాల పంటకు 4 శాతం, పక్కనే ఉన్న రెండెకరాలకు 24 శాతం. ఒకే కాలువ నీళ్లు, ఒకే విత్తనం. సొంత పొలం ఉన్నవాళ్లకు ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను, కౌలువాళ్లకు ఒకటి, అదీ దయతో.

పాడి ఉన్నవాళ్లు గేదెల మేతకు, దాణాకు కూడా ఈ కార్డు మీద అడగొచ్చు, 2018-19 నుంచి పశుపోషణకూ చేపలకూ వర్తింపజేశారు. ప్రీమియం విషయంలో ఒక జాగ్రత్త. ప్రధానమంత్రి ఫసల్ బీమా 2020 ఖరీఫ్ నుంచి స్వచ్ఛందం. వద్దనుకుంటే చివరి తేదీకి వారం ముందే బ్యాంకులో రాసివ్వాలి, లేకపోతే కోసేస్తారు. నేనైతే ఉంచుకోమనే అంటాను.

రుణం కట్టిన నెలా రెండు నెలలకు స్టేట్‌మెంట్ తీయించుకోండి. 3 శాతం రాయితీ పడిందో లేదో ఆ వరస చూస్తేనే తెలుస్తుంది, ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. పడకపోతే నోటితో అడిగి ఊరుకోకుండా అర్జీ రాసివ్వండి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి.