గుడిస కొండకి మా థార్: ఏ ఖర్చు పనికొచ్చింది, ఏది దండగ

హైదరాబాదులో మా మహీంద్రా థార్‌ని రెండంగుళాలు 'లిఫ్ట్' చేసిన (అంటే చక్రాల మీద బండిని ఇంకాస్త ఎత్తుకి లేపిన) వర్క్‌షాపు మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. కిట్టు రూ.38,000, కూలి రూ.4,700, వీల్ ఎలైన్‌మెంట్ రూ.1,800, మొత్తం రూ.44,500 తీసుకుని వాళ్లు చేసిన పని ఏపాటిదో రాజమండ్రి చేరేసరికి తేలిపోయింది. తూర్పు కనుమల్లో మారేడుమిల్లి, గుడిస గడ్డికొండ వైపు సొంత ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే బండి) వేసుకుని వెళ్లాలనుకునేవాళ్లు ముందు ఈ సంగతి చదివి, ఆ తర్వాత డబ్బు తియ్యండి.

బండి నాది. నడిపేదీ నేనే. 2020 అక్టోబరులో వచ్చిన మోడల్, డీజిల్, మాన్యువల్ గేర్లు. కంపెనీ నుంచి వచ్చినప్పుడే కింద 226 మి.మీ. ఖాళీ ఉంటుంది, 650 మి.మీ. లోతు నీళ్లలో దిగొచ్చని వాళ్లే చెబుతారు, వెనక లాకింగ్ డిఫరెన్షియల్ (ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందేలా చేసేది) ఉంది. మన తూర్పు కనుమలకి ఇది ధారాళంగా సరిపోతుంది. నాకు కావలసింది మంచి టైర్లు మాత్రమే. 255/65 ఆర్18 తీసేసి 255/70 ఆర్18 ఆల్ టెరైన్ టైర్లు ఐదు కొన్నాను, ఒక్కోటి రూ.17,200. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఒక చక్రం చిన్నదైతే ఆ తేడా అంతా గేర్లే మొయ్యాలి.

వర్క్‌షాపాయన టైర్లు చూడగానే "లిఫ్ట్ లేకపోతే ఫెండర్‌కి తగులుతాయి సార్" అన్నాడు. సార్ అంటే మా తమ్ముడు. ప్రశ్నలు అడిగేది నేను, డబ్బు కట్టేది నేను, జవాబులు మాత్రం వాడికి. తమ్ముడి కళ్లేమో గోడకి తగిలించిన స్నార్కెల్ (ఇంజనుకి గాలి పైనుంచి అందించే గొట్టం, రూ.18,000), ఇనప బంపరు (రూ.45,000), ఎల్‌ఈడీ లైట్ బారు మీద ఉన్నాయి. అవన్నీ వద్దన్నాను. ఇనప బంపరు వేస్తే ముందు బరువు పెరుగుతుంది, గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగు తెరుచుకునే లెక్క చెడిపోతుంది. ఇలా ముందు బిగించే ఇనప చట్రాలు, బుల్ బార్లు, చట్టవిరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న తయారీ వివరాలకి తేడా వచ్చే మార్పులు చెయ్యకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది. సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఇచ్చిన తీర్పులోనూ అదే ఉంది. 2019 సవరణ వల్ల యజమానికి మార్పుకి రూ.5,000 చొప్పున జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ పడొచ్చు. మరి లిఫ్ట్ సంగతేంటని అడిగితే "పూర్తిగా లీగల్" అన్నాడు. ఆ మాట బిల్లు మీద రాసిమ్మంటే రాయలేదు. బిల్లులో వేసింది 'సస్పెన్షన్ సర్వీస్' అని!

హైదరాబాదు నుంచి విజయవాడ, ఏలూరు మీదుగా రాజమండ్రి దాకా రోడ్డుకి వంక పెట్టడానికి లేదు. బండికే ఉన్నాయి వంకలన్నీ. స్టీరింగ్ ఎడమకి లాగేస్తోంది. గతుకు పడ్డప్పుడల్లా ముందు కుడిచక్రం దగ్గర టక్కుమని చప్పుడు. సూర్యాపేట దాటాక ఫోన్ చేస్తే "ఆఫ్‌రోడ్ బండికి ఆ మాత్రం సౌండ్ మామూలే మేడమ్, ఎంజాయ్ చెయ్యండి" అని పెట్టేశాడు. మా ఆయన అప్పటి నుంచి పై హ్యాండిల్ వదల్లేదు. వెనక సీట్లో తమ్ముడు పాటల సౌండు పెంచి ఆ టక్కు వినబడకుండా చేశాడు. నాకు మాత్రం వినబడుతూనే ఉంది.

రాజమండ్రిలో బైపాసు పక్కన ఒక చిన్న టైర్ల కొట్టులో ఆపాం. ఆ పెద్దాయన బండి ఎక్కించక ముందే ముందు టైరు లోపలి అంచు చేత్తో తడిమి, "ఇదేంటండీ, కొత్త టైరు అప్పుడే నున్నబడిపోయింది! ఎవరు చేశారండి బాబూ ఇది?" అన్నారు. మిషను మీద పెడితే ముందు రెండు చక్రాల టో లెక్క (చక్రాలు నేరుగా కాక లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) ఎర్రగా చూపించింది. అసలు ఎలైన్‌మెంట్ చేసిన గుర్తే లేదు. తర్వాత జాకీ వేసి, చక్రం విప్పి, నన్ను పిలిచి చూపించారు. షాకబ్జార్బరు పైన స్పేసరు (ఎత్తు పెంచడానికి దూర్చే దిమ్మ) బిగించిన మూడు నట్లలో ఒకటి వేలితో తిరుగుతోంది. ఆ నట్టు ఊడితే ఘాట్ మలుపులో ఏమయ్యేదో తలుచుకోవడానికి కూడా నాకు ఇష్టం లేదు.

ఆయన చెప్పిన వివరం విలువైనది. థార్‌కి ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్. మధ్యలో స్పేసరు దూర్చి బండి బాడీని పైకి లేపితే చక్రాన్ని పట్టుకున్న చేతులు కిందికి వంగుతాయి, చక్రం నిలబడే కోణం మారుతుంది, డ్రైవ్ షాఫ్టు జాయింట్లు ఎప్పుడూ వంకరగానే తిరగాల్సి వస్తుంది. అందుకే లిఫ్ట్ వేసినవాడు ఎలైన్‌మెంట్ చెయ్యకుండా బండి బయటికి పంపకూడదు. "ఈ సైజు టైర్లకి లిఫ్టే అక్కర్లేదమ్మా" అని కూడా అన్నారు. ఎలైన్‌మెంట్‌కి రూ.900 తీసుకున్నారు. నట్లన్నీ టార్క్ రెంచితో బిగించినందుకు ఎంతన్నా పుచ్చుకోలేదు. మిషను కాగితం మాత్రం అడిగి తీసుకున్నాను. మీరూ ఎక్కడ చేయించినా ముందు కొలత, తర్వాత కొలత ఉన్న కాగితం చేతికివ్వందే డబ్బు ఇవ్వకండి.

అక్కడి నుంచి కోరుకొండ, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి దాదాపు 85 కి.మీ. టక్కు లేదు, లాగడం లేదు, మా ఆయన హ్యాండిల్ వదిలేశారు.

బస గురించి మంచి మాట చెప్పలేను. ఊరికి కాస్త బయట ప్రైవేటు టెంట్లు, ఒక్కోటి రూ.3,500. వేడినీళ్లు బకెట్టుకి రూ.50 వేరే. రాత్రి పదికి జనరేటరు ఆపేస్తామని డబ్బు కట్టాక చెప్పారు. ఆ డబ్బుకి రంపచోడవరంలో శుభ్రమైన లాడ్జీ గది దొరుకుతుంది. తెల్లవారుజామున గుడిసకి బయల్దేరాలనే పట్టుదల ఉంటేనే మారేడుమిల్లిలో పడుకోండి.

తిండి విషయంలో మాత్రం ఆ ఊరికి దండం పెడతాను. రోడ్డు పక్కన మసాలా పట్టించిన కోడిముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చారు. చుక్క నూనె లేదు. విస్తరిలో బొంగు వంచగానే ముక్క ఆవిరితో జారింది, వెదురు వాసన ముక్క లోపలిదాకా పట్టింది. కిలో బొంగు రూ.650. కారం ఎక్కువైందని రెండో ముక్కకే నీళ్లు అడిగిన మా ఆయన, తర్వాత ఇంకో అరకిలో తనే చెప్పారు. ఆర్డరిచ్చాక ముప్పావు గంట పడుతుంది. ముందే కాల్చి పెట్టినది వెంటనే ఇస్తామంటే వద్దనండి.

గుడిసకి చీకటితో బయల్దేరాం. పుల్లంగి దాటాక దారి క్రమంగా చెడిపోతుంది. కొండ మీదికి ఎక్కే చివరి భాగం ఎర్రమట్టి, లేచిన రాళ్లు, వాన కోసిన గాడులు. అక్కడ ఆగి చక్రాల్లో గాలి 32 నుంచి 20 పీఎస్‌ఐకి దించాను. గాలి తీసే గేజీ రూ.850, మళ్లీ కొట్టే పంపు రూ.4,650. ఈ రూ.5,500 చేసిన మేలు ఆ రూ.44,500 చెయ్యలేదు. గాలి తగ్గితే టైరు నేలకి ఎక్కువ మేర ఆనుతుంది, రాయి మీద సర్దుకుంటుంది. 'ఫోర్ లో' (నాలుగు చక్రాలకీ బలం ఎక్కువ, వేగం తక్కువ ఇచ్చే గేరు), మొదటి గేరు, కాలు యాక్సిలరేటరు మీద నుంచి తీసేసినా బండి తనంతట తనే నెమ్మదిగా పాకింది.

సగం దూరంలో వెనక యాక్సిల్ గుండు రాయికి గట్టిగా తగిలింది. వెనకాల టూరిస్టులతో వస్తున్న స్థానిక జీపు డ్రైవరు దిగొచ్చి చూసి, "రాయిని బండి మధ్యలోకి తియ్యకండక్కా, చక్రం దాని మీదికే ఎక్కించండి" అన్నాడు. కుర్రాడు చెప్పినట్టు రెండడుగులు వెనక్కి తీసి, చక్రం రాయి మీద పెట్టి ఎక్కాను, తగల్లేదు. లిఫ్ట్ అమ్మేవాళ్లు చెప్పనిది ఇదే. స్ప్రింగు మీద ఎన్ని అంగుళాలు పెట్టినా బండి పైభాగం లేస్తుంది గానీ వెనక యాక్సిల్ ఉన్నచోటే ఉంటుంది. దాన్ని పైకి లేపేది టైరు ఒక్కటే. నా కొత్త టైర్ల వ్యాసం 25 మి.మీ. ఎక్కువ, అంటే యాక్సిల్ కింద పెరిగింది 13 మి.మీ. లోపే. మిగతాది డ్రైవరు కళ్లు చూసుకోవాలి.

పైన మబ్బులు కాళ్ల కింద ఉన్నాయి, గాలికి మా ఆయన టోపీ ఎగిరిపోయింది. కొందరు ఆ గడ్డి మీద బండ్లు గుండ్రంగా తిప్పి వీడియోలు తీసుకుంటున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. చక్రం కోసిన చోట వానకి మట్టి కొట్టుకుపోతుంది, అక్కడ గడ్డి మళ్లీ లేవదు. సొంత ఫోర్ బై ఫోర్ లేకపోతే మారేడుమిల్లిలో జీపు మాట్లాడుకోండి, మమ్మల్ని రూ.4,000 అడిగారు. ఆ కుర్రాడి జీపుకి మామూలు టైర్లే.

దిగేటప్పుడు గాడిలో కూరుకుపోయిన ఒక బండిని లాగాం. సాగే తాడు రూ.4,200, తాడు తగిలించే 4.75 టన్నుల షాకిళ్లు (ఇనప కొండీలు) రెండు రూ.1,500. తాడు ఛాసిస్ కొక్కేనికే తగిలించండి, ట్రైలరు బంతికి ఎప్పుడూ వద్దు. అది విరిగి ఎగిరితే మనిషి ప్రాణం తీస్తుంది. లాగుతున్నప్పుడు జనాన్ని దూరంగా నిలబెట్టే పని తమ్ముడు బాగా చేశాడు. లైట్ బారు ఊసు ఆ తర్వాత ఎత్తలేదు, స్నార్కెల్ ఊసు మాత్రం మానలేదు.

హైదరాబాదు రాగానే వేరేచోట రూ.3,500 ఇచ్చి స్పేసర్లు తీయించి, ఎలైన్‌మెంట్ మళ్లీ చేయించాను. అవే టైర్లు, స్టీరింగు చివరిదాకా తిప్పినా ఎక్కడా తగలడం లేదు. రాజమండ్రి కాగితం చూపిస్తే వర్క్‌షాపు ఎలైన్‌మెంట్ రూ.1,800 వెనక్కి ఇచ్చింది. కిట్టు, కూలి ఇవ్వనంది. వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను, బిల్లు, కాగితం, వదులు నట్టు ఫోటో జత చేశాను. వాళ్ల నుంచి ఇంకా జవాబు రాలేదు.