తిరుపతి, చంద్రగిరి యాత్ర: కెమెరా కార్డును షాపులో ఇచ్చే ముందు ఫొటో నంబర్లు చూసుకోండి

తిరుపతి బస్టాండు దగ్గర ఒక ఫొటో షాపులో రెండు మెమరీ కార్డులు పెన్ డ్రైవ్‌కి ఎక్కించినందుకు 200 రూపాయలు తీసుకున్నారు. బాధ డబ్బు గురించి కాదు. ఒక కార్డులో 386 ఫొటోలు, రెండోదాంట్లో 241 ఉన్నాయి. పెన్ డ్రైవ్‌లో తేలినవి 386 మాత్రమే. పోయినవన్నీ చంద్రగిరి కోటవే. పైగా షాపు కుర్రాడు "కార్డులు రెండూ ఖాళీ చేసి పెట్టినాం సార్, ఇంక ఎన్నైనా తీసుకోవచ్చు" అన్నాడు. కెమెరా మా బావగారిది. ఆ సాయంత్రం ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు, రాత్రి భోజనం కూడా సరిగ్గా చేయలేదు.

ఇది ఎవరికైనా జరగొచ్చు కాబట్టి కారణం వివరంగా రాస్తున్నాను. కానన్ కెమెరా మెనూలో ఫైల్ నంబరింగ్ అని ఉంటుంది. అందులో కంటిన్యుయస్, ఆటో రీసెట్, మాన్యువల్ రీసెట్ అని మూడు రకాలు. ఆటో రీసెట్‌లో ఉంటే ఖాళీ కార్డు పెట్టిన ప్రతిసారీ లెక్క మళ్ళీ 0001 నుంచి మొదలవుతుంది. అంటే రెండు కార్డుల్లోనూ ఐఎంజీ_0001 ఉంటుంది, 0002 ఉంటుంది, అలా 0241 దాకా అవే పేర్లు. షాపువాళ్ళు మొదటి కార్డును ఒక ఫోల్డర్‌లో వేసి, రెండోదాన్ని కూడా అందులోనే పోశారు. ఇదే పేరుతో ఫైల్ ఉంది, ఏం చేయమంటారని విండోస్ అడుగుతుంది. అక్కడ రీప్లేస్ నొక్కితే మొదటి కార్డువి 241 చెరిగిపోయి, 0242 నుంచి 0386 దాకా మాత్రం మిగులుతాయి. లెక్క సరిగ్గా అలాగే కుదిరింది.

ఇలాంటప్పుడు ఆ కార్డుతో ఇంకొక్క ఫొటో కూడా తీయకూడదు. కార్డును ఒకేసారి ఖాళీ చేయడాన్ని ఫార్మాట్ అంటారు. మామూలు ఫార్మాట్‌లో ఫైళ్ళ పట్టిక మాత్రమే చెరుగుతుంది, కొత్త డేటా వాటి మీద పడేదాకా ఫొటోలు కార్డులోనే ఉంటాయి. (కానన్‌లో లో లెవెల్ ఫార్మాట్ టిక్ పెట్టి చేస్తే మాత్రం ఆశ వదులుకోవాలి.) ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని వెతికి తీస్తుంది. తీసిన ఫొటోలను అదే కార్డులో కాకుండా ల్యాప్‌టాప్‌లో దాచాలి. పాత పేర్లు మాత్రం తిరిగి రావు, ఎఫ్ అక్షరం, దాని వెనక పొడవాటి అంకెలు వస్తాయి. ఫొటో లోపల తీసిన తేదీ, టైము భద్రంగా ఉంటాయి కాబట్టి 'డేట్ టేకెన్' ప్రకారం వరస పెడితే క్రమం దొరుకుతుంది. చంద్రగిరి ఫొటోలన్నీ అలా తిరిగొచ్చాక గానీ బావగారి ముఖం తేటపడలేదు.

ఈ పనికి గదిలో బల్ల, ప్లగ్గు కావాలి. రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జికి 1,400 కట్టాం. ఉన్న ఒక్క ప్లగ్గూ టీవీ వెనక ఉంది, బల్ల లేదు. కపిలతీర్థం వైపు మారితే 2,100 అయింది, మంచం పక్కనే రెండు ప్లగ్గులు, రాసుకునే బల్ల, కరెంటు పోతే జనరేటర్. కెమెరాతో వెళ్ళేవాళ్ళు ఆ 700 ఎక్కువైనా పెట్టాల్సిందే.

చంద్రగిరి తిరుపతికి 12 కిలోమీటర్ల దూరం. వెయిటింగ్‌తో కలిపి ఆటోకి 700 ఇచ్చాం. రాజమహల్ మూడంతస్తులు, కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. మ్యూజియానికి శుక్రవారం సెలవు. తిరుమల ఆలయం లోపలికి ఫోన్లు, కెమెరాలు తీసుకెళ్ళనివ్వరు, దర్శనం రోజు గదిలో పెట్టి వెళ్ళడం మేలు. దారిలో తిన్న రాగి సంకటి, నాటుకోడి పులుసు మనిషికి 220, కళ్ళు మూసుకుని తినొచ్చు.

మళ్ళీ నంబర్ల సంగతికి వస్తాను. బయల్దేరే ముందే కానన్‌లో కంటిన్యుయస్ పెట్టుకోండి. నికాన్‌లో ఫైల్ నంబర్ సీక్వెన్స్ ఆన్ చేయాలి, సోనీలో సిరీస్ ఎంచుకోవాలి. అప్పుడు కార్డు మారినా లెక్క 9999 దాకా సాగుతుంది, తర్వాత కొత్త ఫోల్డర్‌లో 0001 వస్తుంది. ఇందులోనూ ఒక చిక్కుంది. వేరే కెమెరాలో వాడిన కార్డును ఖాళీ చేయకుండా పెడితే, కెమెరా తన లెక్కనూ కార్డులో ఉన్న పెద్ద నంబరునూ పోల్చి, ఏది పెద్దదైతే దాని తర్వాతి అంకె వేస్తుంది. 2150 దగ్గరున్నది ఒక్కసారిగా 8701కి దూకితే ఫొటోలు పోయాయని కంగారు పడతారు. ఏమీ పోవు. కానీ దూకిన లెక్క కార్డు ఫార్మాట్ చేసినా వెనక్కి రాదు. ఖాళీ కార్డు పెట్టి ఒకసారి రీసెట్ చేసి, తిరిగి పాత సెట్టింగ్‌కి రావాలి. ఫోల్డర్ నంబరు 999కి, ఫైల్ నంబరు 9999కి చేరితే కార్డులో చోటున్నా షట్టర్ పడదు, దానికీ మందు ఇదే.

ఇద్దరి దగ్గరా కానన్ ఉంటే కంటిన్యుయస్ ఒక్కటే చాలదు, ఇద్దరివీ ఐఎంజీ తోనే మొదలవుతాయి. కొన్ని మోడళ్ళలో ముందు అక్షరాలు మార్చుకోవచ్చు. లేకపోతే కార్డుకొక ఫోల్డర్ పెట్టి, ఫొటోలను విడిగా కాకుండా, కార్డులో అవి ఉండే డీసీఐఎం ఫోల్డర్ మొత్తాన్ని అందులో కాపీ చేయాలి. రెండు కెమెరాల గడియారాలూ ఫోను చూసి ఒకే టైముకి పెట్టుకుంటే, తర్వాత తేదీ, టైముతో పేర్లు మార్చి కలపడం సులువు. పేరు మార్చిన ఫొటోను తిరిగి కార్డులో వేస్తే కెమెరా చూపించదు. నాలుగు అక్షరాలు, నాలుగు అంకెల పేరునే అది గుర్తుపడుతుంది.

షాపులోనే కాపీ చేయించక తప్పకపోతే, స్క్రీన్ మీ వైపు తిప్పమనండి. గాంధీ రోడ్డులో ఒకాయన అడక్కుండానే తిప్పారు. కార్డులోని ఫోల్డర్‌కీ పెన్ డ్రైవ్‌లోని ఫోల్డర్‌కీ ప్రాపర్టీస్ తెరిచి, ఫైళ్ళ సంఖ్య, మొత్తం సైజు రెండూ ఒకటేనని చూపించారు. "ఫార్మాట్ మీరే కెమెరాలో చేసుకోండి సార్, మేము చెయ్యం" అని కార్డు చేతికిచ్చారు. కార్డుకి 50 రూపాయలు తీసుకున్నారు.