ఫ్లెమింగో బొమ్మ: అంకెతో నేర్పడమా, చూసి గీయించడమా?

సూళ్లూరుపేటలో పక్షుల పండుగ దగ్గరపడుతోందనగానే చుట్టుపక్కల బడుల్లో చిత్రలేఖన పోటీల హడావుడి మొదలవుతుంది. దానితోపాటే తల్లిదండ్రులు నన్ను ఏటా అడిగే ప్రశ్న కూడా వస్తుంది: పిల్లలకు ఫ్లెమింగోను త్వరగా చేతికి వచ్చే అంకెల పద్ధతిలో నేర్పించాలా, లేక పక్షిని చూపించి గీయించాలా? చిత్రలేఖనం చెప్పే మనిషిగా నేను రెండు పద్ధతులూ వాడుతూనే ఉన్నాను, కాబట్టి ఏది ఎంతవరకు పనికివస్తుందో, నా దృష్టిలో తేడా ఎక్కడ తేలుతుందో కాస్త వివరంగా చెబుతాను.

అంకెల పద్ధతి అందరూ ఎరిగినదే. 2 అంకె వేసి, దాని అడుగు గీతను గుడ్డు ఆకారంగా మలిచి, కింద రెండు నిలువు గీతలు దించితే పక్షి తయారవుతుంది. ఐదారేళ్ల పిల్లలకు దీని వల్ల జరిగే మేలు తక్కువేమీ కాదు. 'నాకు రాదు' అని పెన్సిల్ పక్కన పెట్టేసే పిల్లవాడు పది నిమిషాల్లో ఒక పక్షిని పూర్తి చేసి అమ్మకు చూపించుకోగలుగుతాడు, చేయి వంపు తిరగడం అలవాటవుతుంది, పైగా ఫ్లెమింగో మెడ నిజంగానే ఆ అంకెకు దగ్గరగా ఉంటుంది. ఆ వయసులో ఇంతకు మించి ఆశించడం న్యాయం కాదని నా అభిప్రాయం.

అయితే ఆ అంకె చేతిలో స్థిరపడిపోయాక నీటి పక్షులన్నీ దానిలోంచే పుట్టుకొస్తాయి. నేలపట్టు చెరువులో, నీటిలో పెరిగే కడప చెట్ల మీద గూళ్లు పెట్టే గూడబాతుకు (పెలికాన్) ముక్కు కింద పెద్ద సంచి ఉంటుంది. ఎర్రకాళ్ల కొంగకు పొడవాటి పసుపు ముక్కు చివర మాత్రమే కొద్దిగా వంగుతుంది. ఫ్లెమింగో ముక్కు సగానికి వచ్చేసరికి ఒక్కసారిగా కిందికి విరిగినట్టు వంగి, కొన నల్లగా ఉంటుంది. ఈ మూడింటినీ ఒకే అంకెతో గీసే పిల్లవాడికి రంగు మార్చడం తప్ప వేరే దారి ఉండదు. అదే పిల్లవాడు సూళ్లూరుపేట దగ్గరి పులికాట్ సరస్సులో ఫ్లెమింగో మేత మేసే తీరును, అంటే తలను తలకిందులుగా నీటిలోకి దించి, బురద నీటిని ముక్కులోంచి వడగట్టుకునే తీరును, ఒక్కసారి గమనిస్తే ఆ వంపు అక్కడ ఎందుకుందో తెలుసుకుంటాడు, తర్వాత ఎవరూ గుర్తు చేయకుండానే దాన్ని సరైన చోట గీస్తాడు.

నా వరకు రెండు పద్ధతుల మధ్య తీర్పు చెప్పేవి కాళ్లు. అంకెల పద్ధతిలో కాళ్లు రెండు కర్రలుగానే మిగిలిపోతాయి; కాస్త పెద్ద పిల్లలు మడత పెట్టబోయి, మనిషి మోకాలి మాదిరిగా ముందుకు మడుస్తారు. కాలి మధ్యలో కనిపించే ఆ కీలు నిజానికి పక్షి మడమ. అసలు మోకాలు పైన, పొట్ట దగ్గర ఈకల చాటున ఉంటుంది, కాబట్టి నడిచేటప్పుడు బయటికి కనిపించే మడత వెనక్కి వెళుతుంది. దీన్ని బోర్డు మీద గీసి చెప్పడం కన్నా, పిల్లలను మునివేళ్ల మీద నిలబడమని, పైకి లేచిన తమ మడమను వేలితో తాకి చూసుకోమని చెప్పడం మేలు. ఆ తర్వాత ఫోటో ముందు పెట్టి 'కాలు ఎటు మడుస్తోంది?' అని అడిగితే, జవాబు నోటితో చెప్పేలోపే పెన్సిల్ ఆ వైపు తిరుగుతుంది. ఇలా అడిగి చూపించగలిగిన వెసులుబాటు అంకెల పద్ధతిలో లేదు, ఎందుకంటే అక్కడ పిల్లవాడి కళ్లు ఎంతసేపూ టీచరు గీత మీదే ఉంటాయి.

చూసి గీయించడంలో కూడా ఒక క్రమం అవసరం. ఎదురుగా ఫోటో పెట్టి 'గీయండి' అని వదిలేస్తే పిల్లలు కంటితో మొదలుపెట్టి, కాళ్లకు వచ్చేసరికి కాగితం చాలక, వాటిని కురచగా చేసేస్తారు. ముందుగా పెన్సిల్‌ను చేయి చాచి పట్టుకుని, ఒంటి పొడవుతో పోలిస్తే కాళ్లు ఎంత, మెడ ఎంత అని కొలిపించాలి. ఈ పక్షికి ఒళ్లు చిన్నది, మెడా కాళ్లూ చాలా పొడవు. తల, పొట్ట, పాదం ఎక్కడెక్కడ రావాలో పలుచగా గుర్తులు పెట్టించి, ఆ తర్వాతే ఒంటికాలి మీద నిలబడిన భంగిమనో, మేస్తున్న భంగిమనో వేయించాలి. ఈ దశలో రబ్బరు ఇవ్వకపోవడమే మంచిది, తప్పిన గీత పక్కనే ఇంకో గీత వేయడం పిల్లలకు అలవడుతుంది.

రంగు విషయంలోనూ చూసి గీసిన వారిదే పైచేయి. పులికాట్‌కు వచ్చే పెద్ద ఫ్లెమింగోల ఒళ్లు లేత గులాబీ ఛాయ ఉన్న తెలుపు. ముదురు రంగు రెక్కల మీద, కాళ్లకు, ముక్కుకు కనిపిస్తుంది, రెక్క విప్పితే నల్లటి ఈకలు బయటపడతాయి, పిల్ల పక్షులు బూడిద రంగులో ఉంటాయి. తెల్ల కాగితం మీద ఇది తేలదు కనుకనే పిల్లలు ఒళ్లంతా గులాబీ రంగు పులిమేస్తారు. పుస్తకాలకు అట్టలు వేసే బ్రౌన్ పేపర్ మీద తెల్ల క్రేయాన్‌తో వేయించి చూడండి, పక్షి వెంటనే కాగితం నుంచి విడివడి కనిపిస్తుంది.

చుక్కలు కలిపే పుస్తకాలు, ట్రేసింగ్ ప్రయాణాల్లో కాలక్షేపానికి సరిపోతాయి. యూట్యూబ్ వీడియో వెంట గీయడం అంకెల పద్ధతికి మరో రూపమే.

ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలకు నేను చూసి గీయించడాన్నే ఎంచుకుంటాను, అంతకన్నా చిన్నవారికి అంకెతో మొదలుపెట్టి, ముక్కు, కాళ్లు మాత్రం ఫోటో చూసి దిద్దమంటాను. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు మీద ఉదయాన్నే ఆగగలిగితే మంచిదే, కానీ పక్షులు దూరంగా ఉంటాయి, బైనాక్యులర్ లేకపోతే తెల్లటి చారలే కనిపిస్తాయి. అక్కడ భంగిమలను వేగంగా గీసుకుని, వివరాలను ఇంటికి వచ్చాక పెద్ద ఫోటోలో చూసుకోవాలి. అంత దూరం రాలేని హైదరాబాదు పిల్లలు ఫ్లెమింగో కోసమే పట్టుబట్టనక్కర్లేదు. శీతాకాలంలో డాబాల మీద, చెరువు గట్ల మీద తోక ఊపుతూ నడిచే కాటుకపిట్టల్లో బూడిద రంగు వీపు, పసుపు పొట్ట ఉన్న వలస రకం ఉంటుంది. అది చాలా దగ్గరగా కనిపిస్తుంది, నడిచేటప్పుడు దాని కాలు ఎటు మడుస్తోందో ఫోటో అవసరం లేకుండానే చూసి గీయవచ్చు.