ఆరు సంపుటాల బైబిలు వ్యాఖ్యానం ప్రకటన చూసి డబ్బు పంపకండి

తోటి సేవకులకు వందనాలు. కోపం ఇంకా చల్లారలేదు, మాట కటువుగా ఉంటే మన్నించండి. పాస్టర్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఆ ఆరు సంపుటాల ప్రకటన మీరూ చూసే ఉంటారు. ఇవి ఉంటే ప్రసంగానికి వేరే పుస్తకం అక్కర్లేదంటారు. 6,500 రూపాయలు పంపాను. అవి నా డబ్బులు కూడా కావు. మిరపకాయల కోతకు వెళ్లే అక్కలు కూలిలోంచి మిగిల్చి, అయ్యగారు పుస్తకాలు కొనుక్కోవాలని కవరులో పెట్టి ఇచ్చినవి.

శనివారం రాత్రి 23వ కీర్తన సిద్ధపడుతూ మూడో సంపుటం తెరిచాను. దుడ్డుకర్ర, దండం ఉన్న నాలుగో వచనం మనందరికీ కంఠతా వచ్చిందే. దాని వివరణలో 'దేవుని సిబ్బంది మనల్ని ఓదారుస్తారు' అని ఉంది! ఇంగ్లిష్‌లో కాపరి చేతికర్రనూ స్టాఫ్ అంటారు, ఆఫీసు ఉద్యోగులనూ స్టాఫ్ అంటారు. కంప్యూటర్ తిప్పిన అనువాదాన్ని ఒక్క మనిషైనా చదవకుండా అచ్చు వేశారు. మా సంఘంలో గొర్రెలు కాచుకుని బతికే కుటుంబాలున్నాయి. ఆ పేజీ నమ్ముకుని వాళ్ల ముందు నిలబడి ఉంటే?

ఇంగ్లిష్ బాగా వచ్చిన తోటి పాస్టర్ గారికి చూపించాను. పేరా వెంట పేరా మాథ్యూ హెన్రీ అనే పాతకాలపు ఇంగ్లిష్ బైబిలు వ్యాఖ్యాత రాసిన వ్యాఖ్యానమే అన్నారు. ఆయన 1714లో మరణించేనాటికి అపొస్తలుల కార్యముల వరకే ముగించారు, రోమా పత్రిక నుండి ప్రకటన గ్రంథం వరకు ఇతర సేవకులు పూర్తి చేశారు. ఇంగ్లిష్‌లో అది ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఈ అట్టల మీద మాత్రం రచయితగా అమ్మిన మనిషి పేరే ఉంది. 'ముప్పై ఏళ్ల ధ్యానఫలం' అట!

ఫోను చేశాను. డబ్బు పంపక ముందు ఇదే మనిషి "అయ్యగారూ, నా పరిచర్య కోసం ప్రార్థన చేయండి" అని అడిగితే, ఫోనులోనే కళ్లు మూసుకుని పేరు పెట్టి ప్రార్థించాను. ఇప్పుడు అతనన్న మాట వినండి. "మీ పల్లెటూరి సంఘంలో అంత లోతుగా ఎవరు చూస్తారు? సీలు తీశాక వాపసు లేదు." అంతే, పెట్టేశాడు. నా నంబరు బ్లాక్ చేశాడు. డబ్బు పోయిందన్న బాధకంటే ఆ మాటే నన్ను నిద్రపోనివ్వడం లేదు. పల్లెటూరి విశ్వాసికి తప్పుడు వాక్యం చాలా?

తప్పు నాదీ ఉంది. ఒక్క పేజీ చూపించమని అడగకుండా సంఘం సొమ్ము పంపాను. ఆ అక్కలకు ఆదివారం నేనే చెప్పాను, తలెత్తలేకపోయాను. వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేశాను.

ఇంకా కొనాలనుకునేవారు ముందు 23వ కీర్తన పేజీ ఫోటో పంపమని అడగండి. సాకులు చెబితే డబ్బు పంపవద్దు.